నాలుగు సెకన్ల స్వాధీనం

తుపాకీకి బొట్టు పెట్టడం నేరమా కాదా అన్నది తేల్చడానికి మా జిల్లాకు పదకొండు నెలలు పట్టింది. తేలింది, నేరమే. అయితే అందరికీ కాదు. తుపాకీ ఎవరి పేర ఉందో ఆ మనిషి భార్యకు మాత్రమే. పక్కింటావిడ పెడితే ఏమవుతుందని ఒకాయన అడిగాడు. పక్కింటావిడ సంగతి ఉత్తర్వులో లేదు. ఉత్తర్వులో లేనిదాన్ని గురించి మేం మాట్లాడం.

నేను కలెక్టరేటులో ఆయుధాల సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటును. పేరు చూసి భయపడకండి. మా సెక్షన్‌లో ఉన్న ఒకే ఒక్క ఆయుధం కాగితాలకు చిల్లులు పెట్టే మిషను, అదీ సగం చిల్లే పెడుతుంది. పందొమ్మిదేళ్లుగా లైసెన్సు ఫైళ్లు దించి దులిపి మళ్లీ ఎక్కిస్తూ నా మానాన నేను బతుకుతుంటే, పోయిన ఏడు వైకుంఠరావుగారు వచ్చారు. ఆయుధ లైసెన్సుల ప్రత్యేకాధికారి. ఎక్కడో మూడు రోజుల శిక్షణకు వెళ్లి, ఒక సంచీ, ఒక పెన్ను, ఒక ఉత్సాహం తెచ్చుకున్నారు. సంచీ, పెన్ను త్వరగానే పోయాయి.

వచ్చిన వారంలోనే సర్క్యులర్ ఇచ్చారు. "ఆయుధము వ్యక్తిగతము. సంసారము ఉమ్మడి. వ్యక్తిగతమైన దానిని ఉమ్మడిలో కలుపుట వలన చట్టమునకు విఘాతము కలుగును. కావున భార్యాభర్తల మధ్య ఆయుధముల పంపకము ఏ రూపమున జరిగినను ఉపేక్షింపబడదు."

నాకు అర్థం కాలేదని నా మొహం చూసి తెలుసుకున్నారు.

"చూడండి. పళ్లు తోముకొను బ్రష్షును భార్యాభర్తలు పంచుకొందురా?"

"లేదండి."

"మరి తుపాకీని ఎట్లు పంచుకొందురు?"

సబ్బు గురించి అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ని.

మా జిల్లాలో రెండు వందల పన్నెండు మందికి లైసెన్సులున్నాయి. ఎన్నికలప్పుడు తుపాకులు స్టేషన్లో అప్పగించండని చెప్పడానికి వాళ్లందరినీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు మేమే పెట్టాం. దసరా నాడు అందులో ఒక ఫోటో వచ్చింది. పంపినవాడు కుళ్లాయప్ప, మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. పీట మీద కొడవలి, కొమ్మలు కత్తిరించే కత్తెర, ట్రాక్టరు స్పానర్లు, వాటి మధ్య అతని రివాల్వరు. చుట్టూ బంతిపూలు, బయటివాళ్లు బత్తాయిలనే చీనీకాయలు నాలుగు. అతని భార్య సుంకమ్మ వంగి, ఉంగరపు వేలితో రివాల్వరు పిడికి గంధం బొట్టు పెడుతోంది. కింద 'అందరికీ ఆయుధ పూజ శుభాకాంక్షలు' అని రాశాడు. ముప్పై మంది దండాలు పెట్టారు. ముప్పై ఒకటో వాడు వైకుంఠరావుగారు. ఆయన ప్రశ్నార్థకం పెట్టారు.

మర్నాడు నన్ను పిలిచి, టేబుల్ మీద స్టేప్లర్ పెట్టి, దానికి బొట్టు పెట్టమన్నారు. గంధం లేదంటే స్టాంపు ప్యాడు సిరా చాలన్నారు. మూడుసార్లు పెట్టించి, మూడుసార్లూ గడియారం చూసి సగటు తీశారు.

"నాలుగు సెకన్లు. సదరు స్త్రీ నాలుగు సెకన్ల పాటు లైసెన్సు లేకుండా ఆయుధమును స్వాధీనమందుంచుకొన్నది. నోటీసు పంపండి. లైసెన్సు ఎందుకు రద్దు చేయరాదో భర్తకు, కేసు ఎందుకు పెట్టరాదో భార్యకు."

నోటీసు టైపు చేయడానికి పాత ఫైలు తీశాను. మూడేళ్ల నాటి దరఖాస్తు. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో వాళ్ల చీనీతోట, తోటలోనే ఇల్లు, ఇంట్లో వాళ్లిద్దరే. కుళ్లాయప్ప మార్కెట్ యార్డుకు వెళ్లిన ఒక మధ్యాహ్నం ఇద్దరు వచ్చి సుంకమ్మను మోటారు షెడ్డు స్తంభానికి కట్టేసి చెవుల కమ్మలు లాక్కుపోయారు. విప్పి తీసుకునేంత ఓపిక వాళ్లకు లేకపోయింది. కుడి చెవికి కుట్లు పడ్డాయి. దరఖాస్తులో 'ఆయుధము కోరుటకు కారణము' అన్నచోట 'భార్య ప్రాణరక్షణ నిమిత్తం' అని ఉంది. కింద ముద్ర వేసింది నేనే. ఎవరి కోసం తుపాకీ ఇచ్చామో ఆమె తుపాకీని తాకిందని ఆమెకే నోటీసు ఇస్తున్నాం. రిజిస్టర్డ్ పోస్టులో, వారం తిరక్కుండా, ఎంతో శ్రద్ధగా.

వాయిదాల మీద వాయిదాలు పడి, పదో నెలలో విచారణకు ఇద్దరూ వచ్చారు. ఆయన అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆమె కొంగు కుడి చెవి మీదికి లాక్కుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బొట్టు పెట్టు సమయమున సదరు ఆయుధము ఎవరి స్వాధీనమందున్నది?" అని అడిగారు వైకుంఠరావుగారు.

సుంకమ్మ మొగుడి వైపు చూసి, "పీట మింద ఉండె సామీ," అంది.

"పీట పేరున లైసెన్సు లేదు."

"గుండ్లు తీసేసే పెట్టినా సార్," అన్నాడు కుళ్లాయప్ప. "ఖాళీ తుపాకి. పదిహేడేండ్లు మిలిట్రీలో చేసినోన్ని, ఆ మాత్రం నాకు తెలీదా సార్?"

"గుండ్లు వేరు విషయము. ఇప్పుడా ఆయుధము ఎక్కడున్నది?"

"గేటు కాడ కానిస్టేబులు దగ్గర ఉండాది సార్. ఇద్దుర్నీ రమ్మంటిరి. ఎవురూ లేని ఇంట్లో తుపాకి వదిలిపెట్టేది తప్పని మీ కాగితంలోనే ఉండె. ఎంట తెస్తిమి. లోపలికి తుపాకి తేగూడదని గేట్లో ఆయప్ప పెట్టించుకునె."

వైకుంఠరావుగారి పెన్ను ఆగింది. "కానిస్టేబులు పేరున లైసెన్సున్నదా?"

కానిస్టేబుల్ని పిలిపించారు. అతను తన అన్నం సంచీతో వచ్చాడు. క్యారియర్‌కీ నీళ్ల సీసాకీ మధ్య, జేబురుమాలులో చుట్టి ఉంది రివాల్వరు.

"ఎంతసేపటి నుండి మీ వద్ద ఉన్నది?"

"ఓ అరగంట సార్. నేను తీసుకోకపోతే ఈయన లోపలికి తెస్తాడు, అది తప్పు. తీసుకుంటే నా తప్పంటున్నారు. నన్నేం చెయ్యమంటారు సార్?"

"అది మీ శాఖాపరమైన విషయము," అని అతనికీ ఒక మెమో రాయమన్నారు.

అప్పుడు వైకుంఠరావుగారు రివాల్వరు చేతిలోకి తీసుకున్నారు. పిడి చూశారు. పిడి మీద గంధం మరక ఇంకా ఉంది, దాన్ని గోటితో గీకి చూశారు. గొట్టంలోకి ఒక కన్ను పెట్టి చూశారు. సినిమాలో చూసినట్టు గోడ మీది క్యాలెండరుకు గురి కూడా పెట్టారు. కుళ్లాయప్ప మెల్లగా భార్యను పక్కకు జరిపాడు. నేను గడియారం చూసుకుని పెన్ను మూత తీశాను.

"సార్, టైము రాసుకోమంటారా?"

ఆయన దాన్ని కాలుతున్న గిన్నెలా టేబుల్ మీద వదిలేశారు.

"ఇది పరిశీలన. స్వాధీనము కాదు."

"పరిశీలన ఎంతసేపటి దాకా సార్?"

"పరిశీలనకు కాలపరిమితి లేదు," అని, మాట మార్చడానికి సుంకమ్మ వైపు తిరిగారు. "ఇంటి వద్ద ఆయుధమును ఎక్కడ భద్రపరచుచున్నారు?"

"బీరువాలో సామీ."

"తాళపుచెవి?"

సుంకమ్మ నడుముకున్న గుత్తి మీద చెయ్యి వేసింది. వైకుంఠరావుగారు కుర్చీలోంచి లేచారు. ఆయన ఉద్యోగ జీవితంలో ఇంత పెద్ద నేరం కళ్లారా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను. నాలుగు సెకన్లు కాదు, మూడేళ్లు. రోజుకు ఇరవై నాలుగు గంటలు. ఆ లెక్కన మా జిల్లాలో పెళ్లయిన లైసెన్సుదారుల ఇళ్లన్నీ నేరస్థలాలే, ఎందుకంటే బీరువా తాళం ఆడవాళ్ల నడుమున లేని ఇల్లు నాకైతే తెలియదు. మా ఇంట్లో నా చొక్కా నాకు కావాలన్నా నేను అడుక్కోవాల్సిందే.

ఉత్తర్వు ఆ వారమే వచ్చింది. "బీరువా తాళపుచెవి ఇకమీదట లైసెన్సుదారుని మొలత్రాటికి ఉండవలెను. భార్యకు చీర కావలసినచో భర్త సమక్షమున తీసుకొనవలెను. భర్త ఇల్లు విడిచి వెళ్లునపుడు ఆయుధమును తప్పక వెంట కొనిపోవలెను. భార్యపై కేసు సత్ప్రవర్తనకు లోబడి పెండింగులో ఉంచడమైనది."

ఉత్తర్వు తీసుకోవడానికి వచ్చిన సుంకమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, సరాసరి వైకుంఠరావుగారి గదిలోకి వెళ్లింది. వెనకాలే నేనూ వెళ్లాను.

"ఆయప్ప మార్కెట్టుకు పోతే తుపాకి గూడా పోతాది గదా సామీ. ఇంట్లో నేను ఒగదాన్నే ఉంటా. దొంగోళ్లు నాకోసరం తోటకొస్తారు గానీ, ఆయప్ప కోసరం మార్కెట్టుకు పోతారా?"

"దొంగల రాకపోకలు ఈ విచారణ పరిధిలోనికి రావు."

"నాకు భయమైతాంది సామీ. కుక్క అరిస్తే సాలు, షెడ్డులోకి పోయి గడి పెట్టుకుంటాండా."

"భయము చట్టమున నిర్వచింపబడలేదు. మీకు ఆయుధము కావలసినచో మీ పేరున దరఖాస్తు చేసుకొనవచ్చును."

దరఖాస్తు నేనే నింపాను. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. "దరఖాస్తుదారు నివసించు గృహమునందు ఇప్పటికే ఒక లైసెన్సుగల ఆయుధము ఉన్నందున, ఆమెకు తగినంత రక్షణ కలదని భావించి తిరస్కరించడమైనది." అదే రోజు టపాలో కుళ్లాయప్పకు ఇంకో జాబు వెళ్లింది: "సదరు ఆయుధము మీ భార్య రక్షణకు ఉపయోగపడు రీతిన గృహమునందుంచరాదని మరల హెచ్చరించడమైనది." రెండింటి మీదా ఒకే సంతకం. ఒకదాని సిరా ఆరకముందే రెండోది పెట్టారు. నేను పక్కనే నిలబడి అద్దుడు కాగితం అందించాను.

అన్యాయం జరిగిందని మేము ఒప్పుకోం గానీ, మార్గం లేదని కూడా ఎప్పుడూ అనం. మార్గం వైకుంఠరావుగారే చూపించారు. రిటైనర్ అని ఒక పద్ధతి ఉంది. యజమాని జీతమిచ్చి పెట్టుకున్న మనిషి పేరు లైసెన్సులో రాయించుకుంటే, యజమాని లేనప్పుడు ఆ జీతగాడు తుపాకీ దగ్గర పెట్టుకోవచ్చు.

"అంటే బయటోడు పట్టుకోవచ్చునా సార్?" అన్నాడు కుళ్లాయప్ప.

"జీతగాడైనచో పట్టుకొనవచ్చును."

"పెండ్లాం పట్టుకోగూడదు?"

"కూడదు."

సుంకమ్మ ముందుకు వచ్చింది. "అట్లయితే నన్నే జీతగత్తెగా రాసుకోండి సామీ."

"జీతము పొందుచున్నట్లు రుజువున్నదా?"

"జీతమా? ఇరవై రెండేండ్ల నుంచి నీల్లు కడతాండా, ఎరువు మోస్తాండా, కాయ కోస్తాండా, వండి పెడతాండా. ఎవురిచ్చినారు జీతం?"

"అందుచేతనే మీరు జీతగత్తె కారు."

"ఈ పొద్దు నుంచి ఇస్తా సార్," అన్నాడు కుళ్లాయప్ప. "రసీదు గూడా ఇస్తా."

వైకుంఠరావుగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "భార్యకు జీతమిచ్చువాడు యజమాని అగును. యజమాని భర్త కాజాలడు. భర్త కానివాడు ఆమెతో ఒకే ఇంట ఉండుటను ఈ కార్యాలయము ప్రోత్సహింపజాలదు. మేము సంసారములు కూల్చువారము కాము."

అలా సంసారం నిలబెట్టి, బయటి మనిషిని తెచ్చుకోమన్నారు. కుళ్లాయప్పకు ఇష్టం లేదు. కానీ కాయ కోతకొచ్చింది, మార్కెట్టుకు వెళ్లక తప్పదు, భార్యను ఒంటరిగా వదల్లేడు. పట్నంలో ఒక సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు గిరిబాబు అనే మనిషిని పంపారు. నున్నగా దువ్విన తల, ఆరు ధ్రువపత్రాలు. అన్నీ పరిశీలించాం. సత్ప్రవర్తన గలవాడని మా కార్యాలయమే ఒక కాగితం ఇచ్చింది. మొగుడూ పెళ్లాల ఫైలు పదకొండో నెలలో పడింది, గిరిబాబు ఫైలు ఎనిమిది రోజుల్లో తేలింది. అంత వేగం మా సెక్షన్ చరిత్రలో లేదు. వైకుంఠరావుగారు రిటైనర్ కాగితం అతని చేతికిస్తూ ఫోటో దిగి గ్రూపులో పెట్టారు. దానికీ ముప్పై దండాలు వచ్చాయి.

ఆ ఇంట్లో ఏర్పాటు ఇలా కుదిరింది. కుళ్లాయప్ప ఊళ్లో లేనప్పుడు బీరువా తాళం గిరిబాబు దగ్గర ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా తాళం మోసిన ఆడమనిషి ఒంటిమీదికి చీర కావాలంటే వారం కింద వచ్చిన మగవాణ్ని అడగాలి. ఆమె అడగలేదు. చీరలన్నీ తెచ్చి రేకు పెట్టెలో పెట్టుకుంది.

పన్నెండో నాటి మధ్యాహ్నం, కుళ్లాయప్ప మార్కెట్లో ఉండగా, గిరిబాబు రివాల్వరు తీసి తన సంచీలో పెట్టుకున్నాడు. సంచీని వాకిట్లో మంచం మీద ఉంచి, బండికి గాలి కొట్టుకోవడానికి ఇంటి వెనక్కు వెళ్లాడు. సుంకమ్మ మంచం పక్కనే నిలబడి ఉంది. సంచీ నోరు తెరిచే ఉంది, పిడి కనబడుతోంది. వాడు తుపాకీ ఎత్తుకుపోతున్నాడని ఆమెకు అర్థమైంది. చెయ్యి చాపితే అందుతుంది. తీసుకుని ఇంట్లోకి పోయి గడి పెట్టుకుంటే వాడు ఏమీ చెయ్యలేడు. ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. ముట్టుకుంటే కేసు. పెండింగులో ఉన్న పాత కేసు కూడా లేచి కూర్చుంటుంది. గిరిబాబు వచ్చి, సంచీ భుజాన తగిలించుకుని, "బజారు దాకా పోయొస్తానక్కా," అని వెళ్లాడు. ఈ రోజు వరకు రాలేదు. ఆరు ధ్రువపత్రాలూ నిజమైనవే. వాటి అసలు గిరిబాబు పక్క జిల్లాలో బడ్డీకొట్టు పెట్టుకుని ఉన్నాడు, అవి ఎప్పుడో పోయాయని స్టేషన్లో ఫిర్యాదు కూడా ఇచ్చుకున్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఊడింది సుంకమ్మది. మందేసింది మేము.

మెమో ఆమెకే వెళ్లింది. "ఆయుధము చేతికందు దూరమున ఉండగా, అది తరలిపోవుటను చూచుచు నిలుచుట తీవ్ర నిర్లక్ష్యముగా పరిగణింపబడినది."

ఆమె వచ్చి ఆ కాగితం వైకుంఠరావుగారి టేబుల్ మీద పెట్టింది. "ముట్టుకోవద్దని మీరే రాసిస్తిరి గదా సామీ."

"ముట్టుకొనరాదనినాము. కాపాడరాదని అనలేదు."

నాకు ఒళ్లు మండింది. నేను గుమాస్తాను కాబట్టి ఒళ్లు మండినట్టు కనబడకుండా ఫైలు తాళ్లు బిగించాను.

"అదంతా పోనీండి," అంది సుంకమ్మ. "ఇప్పుడన్నా నాకొక లైసెన్సు ఈండి. ఇంట్లో తుపాకి లేదు గదా. మీరు చెప్పిన అడ్డం పాయె."

"ముప్పు ఉన్నట్లు రుజువు కావలెను. మీకు ముప్పు ఎవరి వలన?"

"మీరు తుపాకి ఇచ్చిన మనిషి వల్లనే. వానికి ఇల్లు తెలుసు. ఆయప్ప యేయే దినాలు మార్కెట్టుకు పోతాడో తెలుసు. మా కుక్క పేరు గూడా తెలుసు. పేరు పెట్టి పిలిస్తే అది అరవదు."

ఈసారి జవాబుకు ఇరవై రోజులు పట్టలేదు, ఆమెను నిలబెట్టే ఇచ్చారు. నేనే టైపు చేశాను. "సదరు గిరిబాబు సత్ప్రవర్తన గలవాడని ఈ కార్యాలయమే ధ్రువీకరించియున్నందున, అతని వలన ముప్పు కలదనుట కార్యాలయ రికార్డుకు విరుద్ధము. దరఖాస్తు తిరస్కరించడమైనది."

ఆ నెలాఖరున పైనుంచి అభినందన వచ్చింది. భార్యాభర్తల మధ్య ఆయుధాల పంపకం మా జిల్లాలో పూర్తిగా శూన్యమట. మిగతా జిల్లాలు మమ్మల్ని చూసి నేర్చుకోవాలట. వైకుంఠరావుగారు సెక్షన్ అందరికీ మైసూర్‌పాకు పంచారు. తిన్నాను. తినలేదని చెప్పి పెద్దమనిషి వేషం వెయ్యలేను.

మరో పది రోజులకు కుళ్లాయప్ప, సుంకమ్మ లైసెన్సు పుస్తకం అప్పగించడానికి వచ్చారు. తోట అమ్మేశారు. పట్నంలో పాతూరులో ఒక రేకుల గది తీసుకున్నారు, ఆయన ఏదో గోడౌనుకు కాపలా కుదిరాడు, కర్రతో. సంతకం పెట్టి బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె వేలిముద్ర వేయడానికి ఉండిపోయింది.

ఫైలు మూయాలంటే కంప్యూటర్లో ఒక ప్రశ్న ఉంటుంది: దరఖాస్తుదారు సంతృప్తి చెందినారా? జవాబులు రెండే. 'చెందినారు', 'పూర్తిగా చెందినారు'. ఖాళీ వదిలితే ముందుకు పోదు.

"ఏం రాయమంటావమ్మా?" అని అడిగాను.

"మీకేది సులువైతే అది రాసుకోండి సామీ." వేలికంటిన సిరాను గోడకు తుడవబోయి, ప్రభుత్వ గోడ కదా అని ఆగి, తన కొంగుకే తుడుచుకుంది. "మీ ఇంటామె పగటిపూట ఇంట్లో ఒగతే ఉంటాదా?"

"ఉంటుంది."

"తలుపేసుకోమని చెప్పు," అని వెళ్లిపోయింది.

నా మీద నాకే అసహ్యం వేసింది. సాయంత్రం లోగా ఫైలు మూసి పంపమని వైకుంఠరావుగారు రెండుసార్లు కబురు చేశారు. ఉన్న రెండింట్లో చిన్న అబద్ధం ఏదో చూసుకుని అదే నొక్కాను.